తగ్గింపు, అంటే వినయం, నేర్చుకోవడం ఎలా? విశ్వాసికి ఒక ఆచరణ మార్గదర్శి

“వినయం ఇమ్మని ఎన్నాళ్ళ నుంచో ప్రార్థన చేస్తున్నాను. కానీ ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ముఖం మాడిపోతుంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?” ఈ ప్రశ్న రకరకాల మాటల్లో మళ్ళీ మళ్ళీ వస్తోంది. అడిగేవాళ్ళలో నిన్నమొన్న రక్షణ పొందినవాళ్ళూ ఉన్నారు, ఏళ్ళ తరబడి పరిచర్యలో ఉన్నవాళ్ళూ ఉన్నారు.

తప్పు ఎక్కువగా వరుస దగ్గర జరుగుతుంది. “నేనెంతటివాణ్ణి, నేను అయోగ్యుణ్ణి” అనే మాటలతో మొదలుపెడతాం. అవి అనడం తేలిక, పైసా ఖర్చు లేదు. అదే మాట పక్కవాడు మన గురించి అంటే తట్టుకోగలమా? మనతో నిజం చెప్పడం ఎదుటివాళ్ళకు ఎంత తేలికగా ఉందో చూస్తే మన తగ్గింపు ఎంతో తెలిసిపోతుంది. కింద చెప్పిన మెట్లన్నీ ఆ వైపుకే నడుస్తాయి. వరుస మార్చకుండా చేయండి.

1. మొదలుపెట్టే ముందు

1.1 ఏది వినయం కాదో తేల్చుకోండి

తనను తాను తిట్టుకోవడం వినయం కాదు. అందులోనూ రోజంతా తన గురించిన ధ్యాసే ఉంటుంది. గర్వం “నేను గొప్ప” అంటుంది, ఇది “నేను పనికిరాను” అంటుంది. రెండు వాక్యాలకూ కర్త “నేను”.

బిడియం కూడా వినయం కాదు. నలుగురిలో మాట్లాడలేనివాడికి లోపల బోలెడంత గర్వం ఉండొచ్చు. గట్టిగా, ధైర్యంగా మాట్లాడేవాడు నిజంగా దీనమనస్సు ఉన్నవాడు కావచ్చు. భూమి మీద ఉన్న వాళ్ళందరిలో మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండము 12:3 చెప్పిన మోషే, ఫరో ముందు నిలబడి మాట్లాడినవాడే.

రోమా 12:3లో పౌలు ఇచ్చిన కొలత సరిపోతుంది: తగినదానికంటే ఎక్కువగా ఎంచుకోవద్దు, స్వస్థబుద్ధితో ఎంచుకోండి. అంటే ఉన్నది ఉన్నట్టు చూసుకోవడం. అదే పౌలు 1 కొరింథీ 15:9లో అపొస్తలులలో తాను తక్కువవాణ్ణి అంటాడు, ఆ వెంటనే 10వ వచనంలో వాళ్ళందరికంటే ఎక్కువగా ప్రయాసపడ్డాను అని కూడా అంటాడు. చేసిన పనిని దాచలేదు. “నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే” అని ఆ పని ఎవరి వల్ల జరిగిందో చెప్పాడు.

1.2 సిద్ధం చేసుకోవలసినవి

- ఆరు వారాల వ్యవధి. అంతకంటే తక్కువైతే అలవాటు పడదు. నెలల తరబడి అని పెట్టుకుంటే మొదలే కాదు.
- ఒక చిన్న నోట్‌బుక్. ఎవరికీ చూపించనిది.
- నాలుగు వాక్యభాగాలు: ఫిలిప్పీయులకు 2:1-11, యోహాను 13:1-17, లూకా 18:9-14, కీర్తన 51.
- ఒక తోడు మనిషి. మిమ్మల్ని దగ్గరగా చూసేవారు, మీ మొహమాటానికి లొంగనివారు అయి ఉండాలి. మీ కింద పనిచేసేవారు, మీ మీద ఆధారపడినవారు వద్దు, వాళ్ళు నిజం చెప్పలేరు.

ఈ నాలుగో దాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. “నేనూ దేవుడూ చూసుకుంటాం, మధ్యలో ఇంకొకరెందుకు?” అనిపిస్తుంది. మధ్యలో ఇంకొకరు లేకుండా నేర్చుకున్న వినయం ఇంకొకరు రాగానే పోతుంది.

2. మొదటి మెట్టు: చూపు దేవుని మీద పెట్టడం

ఎవరితో పోల్చుకుంటున్నాం అన్నదాన్ని బట్టి మన ఎత్తు మారుతుంది. లూకా 18లో యేసు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే వర్గంవాడు) ప్రార్థనలో కూడా పక్కనున్న సుంకరిని, అంటే పన్నులు వసూలు చేసేవాణ్ణి, చూస్తూనే ఉన్నాడు. సుంకరి మాత్రం ఎవరినీ చూడలేదు, కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలలేదు. మొదటివాడి ప్రార్థనలో పోలిక ఉంది, రెండోవాడి ప్రార్థనలో విన్నపం ఉంది.

మొదటి వారం పొద్దున్నే పదిహేను నిమిషాలు ఇలా గడపండి.

- మొదటి ఐదు నిమిషాలు యెషయా 6:1-8 గానీ, యోబు 38వ అధ్యాయంలో కొంత భాగం గానీ నెమ్మదిగా చదవండి. అన్వయాల కోసం వెతకకండి.
- తర్వాతి ఐదు నిమిషాల్లో అడగడం ఏమీ వద్దు. దేవుడు ఎవరో చెబుతూ స్తుతించండి.
- చివరి ఐదు నిమిషాలు నోట్‌బుక్‌లో మీకు లోలోపల గర్వంగా ఉన్న ఒక్క విషయం రాయండి: చదువు, గొంతు, వాక్యజ్ఞానం, పిల్లలు, పేరు, ఏదైనా సరే. దాని ఎదురుగా అది ఎవరెవరి ద్వారా మీ దగ్గరికి వచ్చిందో పేర్లతో సహా రాయండి.

చివరిది 1 కొరింథీ 4:7లోని ప్రశ్నకు మనం రాసే జవాబు: నీకు ఉన్నవాటిలో ఇంకొకరి వల్ల పొందనిది ఏది? వారం పూర్తయ్యేసరికి ఏడు విషయాలు, వాటి పక్కన చాలా పేర్లు ఉంటాయి. ఆ పేర్లలో ఎవరికైనా మీరు ఇంతవరకు థాంక్స్ చెప్పలేదా? ఈ వారమే చెప్పేయండి.

3. రెండో మెట్టు: గర్వం దాక్కున్న చోటు కనిపెట్టడం

ఎదుటివాళ్ళ గర్వం ఇట్టే కనిపిస్తుంది. మనది మనకు గర్వం రూపంలో కనిపించదు. బాధగానో, కోపంగానో, “న్యాయం కోసం పోరాటం” లాగానో కనిపిస్తుంది. అందుకే రెండో వారం గర్వాన్ని నేరుగా వెతకడం మానేసి, మీకు ఎక్కడ గుచ్చుకుంటోందో గమనించండి.

రాత్రి పడుకునే ముందు కీర్తన 139:23-24 ప్రార్థనగా చేసి, ఈ ప్రశ్నలకు అవును, కాదు అని మాత్రమే రాయండి.

- ఈ రోజు నా పేరు ఎవరైనా చెప్పడం మరిచిపోతే మనసు కలుక్కుమందా?
- ఇంకొకరిని మెచ్చుకుంటుంటే “అదంతా సరేగానీ” అనాలనిపించిందా?
- నాకు తెలియని విషయాన్ని తెలిసినట్టు మాట్లాడానా?
- వాదనలో నేను తప్పని మధ్యలోనే తెలిసినా కొనసాగించానా?
- నేను చేసిన మంచి పని ఏదో ఒక వంకతో బయటపెట్టానా? ప్రార్థన మనవి రూపంలో, సాక్ష్యం రూపంలో చెప్పడం కూడా లెక్కే.
- నా కంటే చిన్నవాళ్ళు చెప్పారని ఒక మంచి సలహాను పక్కన పెట్టానా?
- వాక్యం వింటుండగా “ఇది ఫలానావాళ్ళు వినాల్సింది” అనుకున్నానా?

చివరి ప్రశ్నకు నేనైతే వారంలో నాలుగు రోజులు అవును అని రాశాను. రాస్తున్నప్పుడు సిగ్గేసింది.

వారం చివర చూస్తే ఒకటి రెండు ప్రశ్నల దగ్గరే “అవును”లు గుంపు కట్టి ఉంటాయి. మీ పని అక్కడుంది. ఏడింటి మీదా ఒకేసారి పడకండి. గుర్తింపు దగ్గర గుచ్చుకుంటోందా, జ్ఞానం దగ్గరా, అధికారం దగ్గరా అన్నది తేల్చుకుని తోడు మనిషికి ఒక్క వాక్యంలో చెప్పండి. యాకోబు 5:16 ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమంటోంది. పెద్ద కథ అక్కర్లేదు. “నన్నెవరూ గుర్తించకపోతే నేను తట్టుకోలేకపోతున్నాను” అంటే చాలు.

4. మూడో మెట్టు: దిద్దుబాటు వినడం

మిగతా మెట్లన్నీ కలిపి ఎంత బరువో ఇదొక్కటే అంత బరువు. మూడో వారం, నాలుగో వారం పూర్తిగా దీనికే ఇవ్వండి.

4.1 వాక్యంలో విన్నవాళ్ళు, విననివాళ్ళు

అపొల్లో విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల అతన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొస్తలుల కార్యములు 18:24-26). అతను విన్నాడు, తర్వాత విశ్వాసులకు ఇంకా ఎక్కువ సహాయపడ్డాడు. ఒక వక్తకు శ్రోతలే వచ్చి “మీరు చెప్పింది సగమే” అనడం ఎలా ఉంటుందో ఊహించండి.

నయమాను సంగతి చూడండి. సిరియా సేనాధిపతి, కుష్ఠురోగి. అతనికి దారి చూపింది చెరపట్టబడిన ఒక చిన్నపిల్ల. యొర్దాను నదిలో మునగమని ఎలీషా ప్రవక్త చెప్పినందుకు కోపంతో తిరిగి వెళ్ళిపోతుంటే ఆపింది అతని సేవకులు (2 రాజులు 5). కింది స్థాయివాళ్ళ మాట రెండుసార్లు చెవిన వేసుకున్నాడు కాబట్టే యొర్దానులో ఏడుసార్లు మునిగాడు, శుద్ధుడయ్యాడు.

ఉజ్జియా రాజు దీనికి పూర్తిగా ఎదురు. యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం వేయడానికి తానే మందిరంలోకి వెళ్ళాడు. ప్రధాన యాజకుడు అజర్యాతో పాటు 80 మంది యాజకులు వెంట వెళ్ళి అడ్డుకున్నారు. ధూపార్తి చేతిలో పట్టుకునే వాళ్ళ మీద మండిపడ్డాడు. కుష్ఠు అప్పుడు పుట్టింది (2 దినవృత్తాంతములు 26:16-19). లోపలికి అడుగు పెట్టిన క్షణంలో కాదు, వారించినవాళ్ళ మీద కోపపడిన క్షణంలో అని వాక్యం చెబుతున్న తీరు గమనించండి.

4.2 అడిగే పద్ధతి

దిద్దుబాటు తనంతట తాను వచ్చేదాకా ఆగొద్దు. మీరే వెళ్ళి అడగండి. “నాలో ఏమైనా లోపాలున్నాయా?” అని అడిగితే ఎవరైనా “అబ్బే, ఏం లేవు” అంటారు. ప్రశ్న చిన్నదిగా, చెప్పడానికి వీలుగా ఉండాలి.

- “నేను మాట్లాడేటప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించేది ఒక్కటి చెప్పండి.”
- “పోయిన కూటంలో నేను చేసిన దాంట్లో ఏది వేరేలా చేస్తే బాగుండేది?”
- ఇంట్లోవాళ్ళతో: “నేను ఇంట్లోకి రాగానే మీకు టెన్షన్ కలిగించేది ఏదైనా ఉందా?”

మూడో ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. ముందు మొదటి రెండింటితో అలవాటు పడండి.

4.3 వినే పద్ధతి

ఎవరైనా తప్పు చూపించినప్పుడు ఈ వరుస పాటించండి.

- మధ్యలో అడ్డు రావద్దు. సంగతి వినకముందే జవాబు చెప్పేవాడు తన మూఢత్వం బయటపెట్టుకుని సిగ్గుపడతాడని సామెతలు 18:13 అంటోంది.
- వాళ్ళు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి: “అంటే నేను మీ మాట పూర్తికాకుండానే మాట్లాడుతున్నాను, అంతేనా?”
- “చెప్పినందుకు థాంక్స్. ఆలోచిస్తాను” అని ఆపేయండి. వివరణ ఇవ్వొద్దు, ఆ రోజు అసలే వద్దు.
- ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు నోట్‌బుక్‌లో రాయండి: దీంట్లో నిజం ఎంత?
- నిజమున్న భాగానికి ఒక పని రాసుకుని, చెప్పినవాళ్ళకు వారంలోగా తెలియజేయండి.

పది మాటల్లో తొమ్మిది తప్పై ఒకటే నిజమైనా ఆ ఒక్కటి తీసుకోండి. మిగతా తొమ్మిదింటికి జవాబు చెప్పాలన్న ఆవేశంలోనే ఆ ఒక్కటి చేజారిపోతుంది.

నాకు జరిగింది చెబుతాను. ఒక ప్రార్థన కూటంలో పాటలు నడిపించేవాణ్ణి. ఒక పెద్దావిడ పక్కకు పిలిచి, “బాబూ, నువ్వు పాడుతుంటే బాగుంటుంది గానీ మాకు పాడే సందు దొరకదు” అన్నారు. నవ్వి తల ఊపాను. ఇంటికొచ్చి మూడు రోజులు లోలోపల ఆవిడకు జవాబులు చెప్పుకున్నాను. నాలుగో రోజు ఫోన్‌లో ఉన్న పాత రికార్డింగ్ విన్నాను. మొదటి నుంచి చివరిదాకా నా గొంతే, సంఘం ఎక్కడా వినిపించలేదు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ నవ్వే నా తప్పు. పైకి వినయంగా విన్నట్టు కనిపించి, లోపల తలుపు వేసేసుకున్నాను. మీరూ ఇలా నవ్వుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

5. నాలుగో మెట్టు: “కానీ” లేని క్షమాపణ

ఇద్దరు రాజులు ఒకే మాట అన్నారు: “పాపం చేశాను.” సౌలు ఆ మాటతో పాటు జనానికి జడిసి వాళ్ళ మాట విన్నానని కారణం చెప్పాడు, ఆ తర్వాత పెద్దల ముందు నన్ను ఘనపరచమని సమూయేలు ప్రవక్తను అడిగాడు (1 సమూయేలు 15:24, 30). నాతాను ప్రవక్త ఎదుట దావీదు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగాడు (2 సమూయేలు 12:13). మన క్షమాపణలు ఎవరి క్షమాపణ లాగా ఉంటున్నాయో చూసుకోవాలి.

ఐదో వారంలో, ఇన్నాళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన ఒక క్షమాపణ ఎంచుకోండి. మత్తయి 5:23-24 ప్రకారం అర్పణ కంటే ఇది ముందు.

- ఏం చేశారో పేరు పెట్టి చెప్పండి. “ఏదైనా తప్పు జరిగి ఉంటే” అనొద్దు. “ఆ రోజు అందరి ముందూ మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడాను” అనండి.
- “కానీ”, “అయితే ఆ పరిస్థితిలో”, “మీరు కూడా” అనే మాటలు తీసేయండి.
- వాళ్ళకు కలిగిన నష్టం ఒప్పుకోండి.
- సరిదిద్దగలిగేది ఉంటే సరిదిద్దండి. నలుగురిలో అన్న మాటైతే ఆ నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. చాటుగా చెప్పే సారీ చాలదు.
- వెంటనే క్షమించాలని ఒత్తిడి పెట్టొద్దు. “దేవుడు క్షమించాడు, మీరెందుకు క్షమించరు?” అంటే అది మళ్ళీ దాడే.

మెసేజ్ పెట్టేస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. కలుసుకునే వీలుంటే చాలదు. మెసేజ్‌లో మన ముఖం కనిపించదు, ఆ సౌకర్యం కోసమే మెసేజ్ పెడతాం.

6. ఐదో మెట్టు: కనిపించని పని

యోహాను 13లో శిష్యుల పాదాలు కడగడానికి యేసు తువాలు కట్టుకునే ముందు 3వ వచనం ఉంది. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చి దేవుని దగ్గరికే వెళ్తున్నానని ఎరిగి ఆయన లేచాడు. తానెవరో తెలిసినవాడే వంగగలడు. తానెవరో తెలియనివాడు వంగితే చిన్నబోయినట్టు అనుకుంటాడు. అందుకే ఈ పనిని మొదటి వారంలో పెట్టలేదు.

ఇంకో సంగతి. ఆయన కడిగిన పాదాల్లో ఆయన్ను శత్రువులకు అప్పగించబోతున్న శిష్యుడు యూదావి కూడా ఉన్నాయి. ఎదుటివాడి యోగ్యత చూసి చేసే సేవ ఇది కాదు.

ఆరో వారంలో మూడు పనులు చేయండి.

- ఎవరూ చేయని, ఎవరూ చూడని ఒక పని తీసుకోండి. కూటం అయ్యాక కుర్చీలు సర్దడం, మరుగుదొడ్డి కడగడం, రాలేకపోతున్న వృద్ధులకు ఫోన్ చేసి మాట్లాడటం. దాని గురించి ఎవరికీ చెప్పొద్దు, ఆరో వారం తర్వాత కూడా. సాక్ష్యంలో అసలు వద్దు.
- మీకు తిరిగి ఏమీ ఇవ్వలేనివాళ్ళతో కూర్చోండి. లూకా 14:7-14 చదివి ఆ వారం ఏ కూడికలోనైనా ఎవరి పక్కన కూర్చోవాలో నిర్ణయించుకోండి.
- ఇంకొకరి సహాయం తీసుకోండి.

మూడోది చాలామందికి కొరుకుడుపడదు. పేతురు “నీవెన్నడూ నా పాదాలు కడగరాదు” అన్నాడు. వినడానికి ఎంత వినయంగా ఉంది! యేసు ఒప్పుకోలేదు. ఇవ్వడం మాత్రమే చేస్తూ, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా ఉండేవాడు పైమెట్టు మీదే నిలబడి ఉంటాడు. ప్రార్థన సహాయం అడగండి. మీకు రాని పని చిన్నవాళ్ళ దగ్గర నేర్చుకోండి.

7. ఆరో మెట్టు: పొగడ్త వచ్చినప్పుడు

దీనికి వేరే వారం అక్కర్లేదు. పొగడ్త వచ్చిన రోజు చేస్తే చాలు. మనిషికి వచ్చిన కీర్తే అతన్ని పరీక్షిస్తుందని సామెతలు 27:21 చెబుతోంది.

“అయ్యో, నాదేముంది, నేను ధూళిని” అని సాగదీయకండి. ఎదుటివాళ్ళు రెండోసారి, మూడోసారి పొగిడేదాకా అది ఆగదు. “థాంక్స్, మీకు ఉపయోగపడినందుకు సంతోషం” అని, పని చేసిన ఇంకొకరి పేరు నిజంగా ఉంటే చెప్పి, మాట మార్చండి. ఇంటికెళ్ళాక ఆ పొగడ్తను ప్రార్థనలో ప్రభువుకు అప్పగించండి. మనిషికి చెందనిది ఎవరైనా మీకు ఇవ్వబోతే మాత్రం ఆ క్షణమే ఆపండి. రోమా శతాధిపతి కొర్నేలీ కాళ్ళ మీద పడితే “లేవండి, నేను కూడా మనిషినే” అని పేతురు లేపాడు (అపొస్తలుల కార్యములు 10:26).

మీకు రావలసిన పేరు ఇంకొకరికి వెళ్ళిన రోజు ఇంకా కష్టం. అప్పుడు వాళ్ళ కోసం పేరు పెట్టి దీవెన అడగండి. తానే సింహాసనానికి వారసుడైన యోనాతాను, దావీదు రాజవుతాడనీ తాను అతని తర్వాతివాడిగా ఉంటాననీ అతనితోనే అన్నాడు (1 సమూయేలు 23:17). మొదటి రోజు ప్రార్థన పళ్ళు కొరుకుతూ చేసినట్టే ఉంటుంది. ఫర్వాలేదు, చేయండి.

8. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

8.1 వినయాన్ని అడ్డం పెట్టుకుని పని తప్పించుకోవడం. “నాకు అర్హత లేదు, వేరేవాళ్ళను చూడండి.” నిర్గమకాండము 4వ అధ్యాయంలో మోషే ఇలాగే నోటి మాంద్యం గురించి చెబుతూ పోయాడు, చివరికి దేవుడు కోపపడ్డాడు (14వ వచనం). సరిచేసే తీరు: నిజంగా చేయలేనిదా, విఫలమైతే పరువు పోతుందని భయమా? భయమైతే ఆ పనికి ఒప్పుకోండి.

8.2 వినయంలో పోటీ. ఎవరి ఉపవాసం ఎక్కువ, ఎవరి బట్టలు సాదా అని చూసుకోవడం. స్వేచ్ఛగా కల్పించుకున్న ఆరాధన, వినయం, దేహశిక్ష జ్ఞానంలాగా కనిపిస్తాయి గానీ శరీరేచ్ఛలను అదుపు చేయలేవని కొలొస్సయులకు 2:23 హెచ్చరిస్తోంది. సరిచేసే తీరు: కనిపించే క్రమశిక్షణ ఒకటి తగ్గించి, కనిపించనిది ఒకటి పెంచండి.

8.3 దేవుని ముందు తగ్గడం, మనుషుల ముందు తగ్గకపోవడం. మోకాళ్ళ మీద కన్నీళ్ళు, లేచాక ఇంట్లో అరుపులు. ఇది చాలా ఎక్కువ. సరిచేసే తీరు: ప్రార్థనలో ఒప్పుకున్న తప్పు ఎవరి విషయంలో జరిగిందో ఆ రోజే వాళ్ళతో కూడా ఒప్పుకోండి.

8.4 పెద్దవాళ్ళ ముందే వినయం. పాస్టరు గారి దగ్గర ఒక గొంతు, పనివాళ్ళ దగ్గర ఇంకో గొంతు. దానికి వినయం అనే పేరు వద్దు, లౌక్యం అనండి. సరిచేసే తీరు: మీ కింద ఉన్నవాళ్ళతో మాట్లాడిన తీరును ఒక వారం రాసుకోండి, చాలు.

8.5 దిద్దినవాళ్ళను దూరం పెట్టడం. వాళ్ళ మాట విన్నాం, కానీ మళ్ళీ పలకరించం. అంతియొకయలో పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు (గలతీయులకు 2:11-14). తర్వాత అదే పేతురు తన పత్రికలో “మన ప్రియ సహోదరుడైన పౌలు” అని రాశాడు (2 పేతురు 3:15). సరిచేసే తీరు: మిమ్మల్ని దిద్దినవాళ్ళకు పది రోజుల్లోపు మీరే ముందుగా ఫోన్ చేయండి, వేరే మాటల మీద.

8.6 వినయం వచ్చిందో లేదో రోజూ తడిమి చూసుకోవడం. విత్తనం నాటి ప్రతి పూటా తవ్వి చూసినట్టు. నోట్‌బుక్ రాత్రి ఐదు నిమిషాలే. మిగతా సమయం పక్కవాళ్ళ అవసరం చూడండి.

9. ఎక్కడ గీత గీయాలి

తగ్గింపు పేరు చెప్పి అన్యాయాన్ని భరించమని మీకు ఎవరైనా బోధిస్తే జాగ్రత్త. ఇంట్లో కొట్టినా, సంఘంలో డబ్బు విషయంలో మోసం జరిగినా, పిల్లల పట్ల ఎవరైనా తప్పుగా ప్రవర్తించినా మౌనంగా ఉండటం వినయం కాదు. సురక్షితమైన చోటికి వెళ్ళాలి, నమ్మకమైనవాళ్ళకు చెప్పాలి, చట్టం సహాయం తీసుకోవాలి.

ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు చెంపమీద కొడితే యేసు “నేను సరిగా మాట్లాడి ఉంటే నన్నెందుకు కొడుతున్నావు?” అని అడిగాడు (యోహాను 18:23). ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసినందుకు, రహస్యంగా పంపేస్తామంటే పౌలు ఒప్పుకోలేదు, న్యాయాధిపతులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). ఇద్దరిలోనూ పగ లేదు, పరువు తాపత్రయం లేదు. నిజం మాత్రం గట్టిగా చెప్పారు.

తేడా తెలియకపోతే ఇలా అడగండి: ఇప్పుడు నేను కాపాడుకుంటున్నది నా పేరునా, లేక ఒక మనిషి క్షేమాన్నా? పేరైతే వదిలేయొచ్చు. క్షేమమైతే వదలకూడదు, ఆ మనిషి మీరే అయినా సరే.

10. ఆరు వారాల చెక్‌లిస్ట్

- వారం 1: రోజూ పదిహేను నిమిషాలు దేవుని సన్నిధిలో. “పొందనిది ఏది?” పట్టిక ఏడు రోజులు. బాకీ ఉన్న థాంక్స్ చెప్పడం.
- వారం 2: రాత్రి ఏడు ప్రశ్నలు. గుచ్చుకునే చోటు ఒకటి గుర్తించి తోడు మనిషికి చెప్పడం.
- వారం 3: ముగ్గురిని చిన్న ప్రశ్న అడగడం. వివరణ ఇవ్వకుండా వినడం.
- వారం 4: విన్నవాటిలో ఒకదాన్ని మార్చుకుని, చెప్పినవాళ్ళకు తెలియజేయడం. ఇంట్లోవాళ్ళను అడగడం.
- వారం 5: వాయిదా వేసిన క్షమాపణ ఒకటి, ఎదురుగా.
- వారం 6: చెప్పుకోని పని ఒకటి, తిరిగి ఇవ్వలేనివాళ్ళతో ఒక పూట, అడిగి తీసుకున్న సహాయం ఒకటి.

ఏ వారమైనా జారిపోతే ఆ వారాన్నే మళ్ళీ చేయండి, మొదటికి వెళ్ళనక్కర్లేదు. నాలుగో వారం రెండుసార్లు చేయవలసి రావడం మామూలే.

ఆరు వారాలూ అయ్యాక నోట్‌బుక్ తీసి లోపల పెట్టేయండి, మార్కులు వేసుకోవద్దు. తోడు మనిషి దగ్గరికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: “నాకు ఒక చేదు నిజం చెప్పాల్సి వస్తే, రెండు నెలల కిందటి కంటే ఇప్పుడు మీకు కాస్త తేలికగా ఉందా?” వాళ్ళు తడబడకుండా జవాబు చెబుతున్నారో లేదో చూడండి. “లేదు” అని సూటిగా అన్నా అది మంచి కబురే, కూర్చుని మూడో మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.